పంట పొలంలో డిజిటల్ ఛాయాచిత్రణ: తొలి పాఠాలు
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత పంటల ఆధారంగా)

సారాంశం

సెల్‌ఫోన్‌తో తీసిన ఛాయాచిత్రం నేడు పంట సమస్యల నిర్ధారణలో తొలి సాక్ష్యంగా మారింది. అయితే పొలం నుండి వచ్చే చిత్రాలలో చాలా భాగం నిర్ధారణకు ఉపకరించవు. లోపం సాధారణంగా కెమెరాలో ఉండదు. దూరం, వెలుతురు, కొలమానం, వివరాల నమోదు అనే నాలుగు అంశాలను పట్టించుకోకపోవడమే కారణం. కెమెరా పట్టడం కొత్తగా నేర్చుకుంటున్న వ్యవసాయ విద్యార్థులు, విస్తరణ అధికారులు, అభ్యుదయ రైతుల కోసం ఈ వ్యాసంలో డిజిటల్ చిత్రం ఏర్పడే విధానాన్ని క్లుప్తంగా వివరించి, నాలుగు దూరాల పద్ధతిని ప్రతిపాదించి, వరి, పసుపు, పత్తి పంటలలో మూడు అభ్యాసాలను ఇవ్వడమైనది.

కీలక పదాలు: డిజిటల్ ఛాయాచిత్రణ, తెగుళ్ళ నిర్ధారణ, పిక్సెల్, కొలమానం, క్షేత్ర రికార్డు

ఉపోద్ఘాతం

వానాకాలంలో వరి నాటిన నెల రోజులకు ఒక రైతు పసుపు రంగుకు తిరిగిన ఆకు చిత్రాన్ని పంపి, ఏ మందు కొట్టాలని అడుగుతాడు. చిత్రంలో ఒక ఆకు, దాని వెనుక మసకగా పచ్చదనం తప్ప మరేమీ కనిపించదు. ఆ పసుపు రంగుకు నత్రజని లోపం కారణం కావచ్చు, జింక్ లోపం కావచ్చు, బాక్టీరియా ఎండాకు తెగులు కావచ్చు, మురుగునీరు నిలిచి వేర్లు దెబ్బతిని ఉండవచ్చు. ఈ నాలుగింటికీ చేయవలసిన పని వేరువేరు.

ఇక్కడ పొరపాటు జరిగితే దాని వెల రైతే చెల్లించాలి. ఎండాకు తెగులు సోకిన మడిని నత్రజని లోపంగా భావించి యూరియా చల్లితే తెగులు మరింత ఉధృతమవుతుంది. జింక్ లోపంతో వచ్చిన తుప్పు రంగు మచ్చలను శిలీంధ్ర తెగులుగా భావించి మందు పిచికారి చేస్తే డబ్బు, కూలి, పంట కాలం మూడూ వృథా. కౌలుకు తీసుకుని సాగు చేసే రైతుకు ఈ నష్టం ఇంకా బరువు. కనుక పొలంలో ఛాయాచిత్రం తీయడాన్ని సరదాగా కాక, మట్టి నమూనా సేకరణ వలె ఒక క్షేత్ర విధిగా నేర్చుకోవలసి ఉన్నది. మట్టి నమూనాను ఎక్కడపడితే అక్కడ ఒక పిడికెడు తీసి పంపితే ఫలితానికి విలువ ఉండదు. ఛాయాచిత్రానికీ అదే సూత్రం వర్తిస్తుంది.

మన ప్రాంతపు పూర్వానుభవం: ఈ-సాగు

ఛాయాచిత్రం ఆధారంగా పంట సలహా ఇవ్వడం తెలంగాణకు కొత్త కాదు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, మీడియా ల్యాబ్ ఏషియా కలిసి 2004లో ‘ఈ-సాగు’ అనే ప్రయోగాన్ని ప్రారంభించాయి. నాటి వరంగల్ జిల్లాలోని ఊరుగొండ, గూడెప్పాడ్, ఓగ్లాపూర్ గ్రామాలలో 1,051 పత్తి క్షేత్రాలను ఇందుకు ఎంచుకున్నారు. చదువు, సేద్యపు అనుభవం రెండూ ఉన్న స్థానిక రైతులనే సమన్వయకర్తలుగా నియమించారు. వారు క్రమం తప్పకుండా పొలాలకు వెళ్ళి డిజిటల్ కెమెరాతో చిత్రాలు తీసి, పంట వివరాలు రాసుకుని, వాటిని సీడీలలోకి ఎక్కించి కొరియర్ ద్వారా హైదరాబాదుకు పంపేవారు. అప్పట్లో గ్రామాల ఇంటర్నెట్ వేగం అన్ని చిత్రాలను మోయగలిగేది కాదు. నిపుణులు ఆ చిత్రాలను, వివరాలను పరిశీలించి ఒక్కొక్క క్షేత్రానికి విడివిడిగా సలహా పంపేవారు.

ఈ ప్రయోగం నుండి ప్రారంభకులు గ్రహించవలసిన విషయాలు రెండు. మొదటిది, చిత్రం ఒంటరిగా ప్రయాణించలేదు. విత్తిన తేదీ, రకం, వేసిన ఎరువు, కొట్టిన మందు వంటి వివరాలు దాని వెంట వెళ్ళాయి. రెండవది, చిత్రాలు తీసినవారు వృత్తి ఛాయాగ్రాహకులు కారు; పొలంలో దేనిని చూడాలో తెలిసినవారు. నేడు సీడీ, కొరియర్ అవసరం తీరిపోయింది. ఆ రెండు నియమాలు మాత్రం మారలేదు.

డిజిటల్ చిత్రం ఏర్పడే విధానం

లెన్స్ గుండా ప్రవేశించిన కాంతి, ఫిల్ముకు బదులు సెన్సార్ అనే సిలికాన్ పలక మీద పడుతుంది. ఆ పలక మీద లక్షల సంఖ్యలో సూక్ష్మమైన గడులు ఉంటాయి. ఒక్కొక్క గడి తన మీద పడిన కాంతి పరిమాణాన్ని విద్యుత్ సంకేతంగా, ఆపై అంకెగా మారుస్తుంది. ఈ అంకెల పట్టికయే డిజిటల్ చిత్రం. అందులోని ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లు రూపొందించిన సీసీడీ అనే పరికరం ఈ విధానానికి పునాది; దానికి గాను వారు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగస్వాములయ్యారు. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమెరా ఒక చిత్రాన్ని క్యాసెట్ టేపు మీద భద్రపరచడానికి 23 సెకన్లు తీసుకునేది. అందులో పిక్సెళ్ళు సుమారు 10,000 మాత్రమే.

సెన్సార్ గడి స్వతహాగా రంగును గుర్తించదు. అందువలన ఒక్కొక్క గడి మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులలో ఒకదాని వడపోత తెరను అమరుస్తారు. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ రూపొందించిన అమరికలో ప్రతి నాలుగు గడులలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మానవ నేత్రం ఆకుపచ్చ పరిసరాలలోని కాంతికి అధికంగా స్పందించడమే ఇందుకు కారణం.

పిక్సెల్ లెక్క

‘ఎన్ని మెగాపిక్సెళ్ళ ఫోన్ కొనాలి?’ అన్నది కొత్తవారు మొదట అడిగే ప్రశ్న. ‘ఎంత దూరం నుండి తీయాలి?’ అన్నది వారు అడగవలసిన ప్రశ్న. ఒక చిన్న లెక్కతో ఇది తేటపడుతుంది.

12 మెగాపిక్సెళ్ళ చిత్రంలో పొడవున 4,000, ఎత్తున 3,000 పిక్సెళ్ళు ఉంటాయి. చట్రంలో ఒక మీటరు వెడల్పు పొలం పట్టేటట్లు తీస్తే ఒక్కొక్క పిక్సెల్ 0.25 మి.మీ. భాగాన్ని సూచిస్తుంది. 3 నుండి 4 మి.మీ. పొడవుండే సుడిదోమ ఆ చిత్రంలో 12 నుండి 16 పిక్సెళ్ళలో కనిపిస్తుంది. పురుగు ఉన్నదని చెప్పవచ్చు. చట్రంలో పది మీటర్ల వెడల్పు పట్టేటట్లు తీస్తే ఒక పిక్సెల్ 2.5 మి.మీ. అవుతుంది. అదే సుడిదోమ ఒకటి రెండు పిక్సెళ్ళకు కుదించుకుపోయి చిత్రం నుండి మాయమవుతుంది. ఆ తరువాత తెర మీద ఎంత పెద్దది చేసి చూసినా అది తిరిగి రాదు. డిజిటల్ జూమ్ చేసేది ఉన్న గడులను సాగదీయడమే. కొత్త వివరాన్ని అది సృష్టించలేదు. అందువలన జూమ్ చేయడం కంటే రెండు అడుగులు ముందుకు నడవడం మేలు.

అయితే దగ్గరకు వెళ్ళడానికీ ఒక హద్దున్నది. చాలా ఫోన్ల ప్రధాన లెన్స్ సుమారు 8 నుండి 10 సెం.మీ. కంటే దగ్గరి వస్తువు మీద ఫోకస్ నిలపలేదు. ఆకుకు ఫోన్ తాకించినంత దగ్గరగా పెట్టి తీసిన చిత్రాలు మసకబారడానికి కారణమిదే. కొంచెం వెనుకకు జరిగి, ఫోకస్ కుదిరిన తరువాత తీసి, అవసరమైన భాగాన్ని కత్తిరించుకోవాలి. మాక్రో సౌకర్యం ఉంటే వాడవచ్చు. అది లేనప్పుడు, ప్రయోగశాలలో వాడే పది రెట్ల భూతద్దాన్ని ఫోన్ లెన్స్‌కు ఆనించి పట్టినా పురుగు గుడ్లు, నల్లి వంటి సూక్ష్మమైన వాటిని తీయవచ్చు.

వెలుతురు, గాలి, ఫోకస్

చిత్రం ఎంత వెలుగుతో నమోదు కావాలో మూడు అంశాలు నిర్ణయిస్తాయి. అవి లెన్స్ రంధ్రపు వెడల్పు (అపెర్చర్), షట్టర్ తెరచి ఉండే కాలం, సెన్సార్ సున్నితత్వం (ఐఎస్ఓ). ఫోన్లలో చాలావరకు అపెర్చర్ మారదు కనుక మిగిలిన రెండింటినే గమనించాలి. ఐఎస్ఓ పెరిగిన కొద్దీ చిత్రంలో రవ్వ పెరిగి, చిన్న మచ్చల అంచులు చెదిరిపోతాయి. షట్టర్ కాలం పెరిగిన కొద్దీ కదలిక వలన మసక ఏర్పడుతుంది.

పొలంలో గాలి ఎప్పుడూ ఉంటుంది. ఆకు కొన సెకనుకు అర మీటరు వేగంతో ఊగుతున్నదనుకుందాం. షట్టర్ కాలం సెకనులో 60వ వంతు అయితే, ఆ వ్యవధిలో ఆకు 8 మి.మీ. జరుగుతుంది, అగ్గి తెగులు మచ్చ ఒక గీతగా మారుతుంది. సెకనులో 1,000వ వంతు అయితే జరిగేది అర మి.మీ. మాత్రమే. షట్టర్ వేగాన్ని మార్చే వీలు లేని ఫోన్‌లో ఎడమ చేతితో ఆకును కదలకుండా పట్టుకోవడం, వెనుక ఒక అట్టను ఆనించడం చాలు.

ఉదయం 7 నుండి 10 గంటల వరకు, సాయంత్రం 4 గంటల తరువాత తీసిన చిత్రాలు సాధారణంగా బాగుంటాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆకు మీద తెల్లని మెరుపు, కింద దట్టమైన నీడ ఏర్పడి రెండు చోట్లా వివరం నశిస్తుంది. తప్పనిసరి అయితే గొడుగుతో గాని, సొంత శరీరపు నీడతో గాని మొక్క అంతటి మీద ఒకే రకమైన నీడ పడేటట్లు చూసుకోవాలి. సగం ఎండ, సగం నీడ మాత్రం పనికిరాదు.

ఫోన్ తెర మీద అసలు మచ్చ ఉన్నచోట వేలితో తాకితే ఫోకస్, వెలుగు రెండూ ఆ బిందువుకు అనుగుణంగా సర్దుకుంటాయి. ఈ ఒక్క అలవాటు కొత్తవారి చిత్రాలను వెంటనే మెరుగుపరుస్తుంది. తీసే ముందు లెన్స్‌ను మెత్తని పొడి గుడ్డతో తుడవడం మరొక అలవాటు. పొలంలో తిరిగే ఫోన్ మీద చెమట, దుమ్ము, మందు తుంపర చేరడం సహజం.

రంగును ఎంతవరకు నమ్మవచ్చు?

కెమెరా రంగును ఉన్నదున్నట్లు నమోదు చేయదు. పరిసర కాంతిని అంచనా వేసి సర్దుతుంది. దీనిని వైట్ బ్యాలెన్స్ అంటారు. సాయంకాలపు ఎండలో పచ్చని ఆకు పసుపు ఛాయతో, చెట్టు నీడలో అదే ఆకు నీలి ఛాయతో నమోదు కావచ్చు. పోషక లోపాలను రంగు ఆధారంగా అంచనా వేసే మనకు ఇది చిన్న విషయం కాదు.

దీనికి నివారణ సులభం. చట్రంలో ఒక మూల తెల్లని కాగితపు ముక్కను ఉంచాలి. చిత్రంలో ఆ కాగితం పసుపుగా కనిపిస్తే, ఆకు పసుపులో కొంత భాగం వెలుతురు వలన వచ్చినదని చూసేవారు గ్రహిస్తారు. దాని పక్కన ఆరోగ్యంగా ఉన్న మొక్క నుండి, అదే వరుసలోని ఆకును ఉంచితే పోలికకు మరింత బలం చేకూరుతుంది. వరిలో నత్రజని అవసరాన్ని తెలుసుకునే ఆకు రంగు పట్టికను మాత్రం శరీరపు నీడలో, కంటితోనే పోల్చి చూడాలి. ఛాయాచిత్రం దానికి ప్రత్యామ్నాయం కాదు. ఫోన్లలోని అందపు ఫిల్టర్లు, దృశ్యాన్ని బట్టి రంగులను గాఢం చేసే ఐచ్ఛికాలను ఆపివేయాలి. అవి పసుపును పచ్చగా, మచ్చల అంచులను నున్నగా మార్చివేస్తాయి.

కొలమానం

కొలత లేని చిత్రంలో ఎలుక బొరియకూ పీత రంధ్రానికీ తేడా తెలియదు. చాలామంది రూపాయి బిళ్ళను పక్కన పెడతారు. అది ఏమీ లేకపోవడం కంటే మేలే గాని, బిళ్ళల పరిమాణం కాలాన్ని బట్టి మారింది. 2011 నాటి రూపాయి బిళ్ళ వ్యాసం 22 మి.మీ. కాగా, 2019 నాటిది 20 మి.మీ. పది శాతం దాకా తేడా వచ్చే కొలబద్దను పరిశోధనలో అంగీకరించలేము. పాఠశాల విద్యార్థులు వాడే 15 సెం.మీ. స్కేలును వెంట ఉంచుకోవడం ఉత్తమం. స్కేలు, వస్తువు ఒకే తలంలో ఉండాలి. కెమెరా వాటికి నిటారుగా ఉండాలి. స్కేలు ముందుకు, ఆకు వెనుకకు ఉంటే కొలత తప్పుతుంది.

నాలుగు దూరాల పద్ధతి

ఒక్క చిత్రం ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది. నిర్ధారణకు కనీసం నాలుగు ప్రశ్నలకు జవాబు కావాలి. అందువలన ప్రతి సమస్యకు నాలుగు దూరాల నుండి వరుసగా చిత్రాలు తీయాలి.

1. పొలం: గెట్టు మీద నిలబడి మడి అంతా కనిపించేటట్లు. సమస్య సుడులు సుడులుగా ఉన్నదా, గెట్ల వెంబడి ఉన్నదా, నీరు పారే దారిలో ఉన్నదా, మడి అంతటా సమానంగా ఉన్నదా అనేది ఇందులో తెలుస్తుంది. పోషక లోపం, నీటి సమస్య, పురుగు ఉధృతి చాలాసార్లు ఈ విస్తరణ తీరులోనే వేరుపడతాయి.

2. మొక్క: ఒక దుబ్బు లేక ఒక చెట్టు పూర్తిగా. లక్షణం పాత ఆకులలో మొదలైనదా, లేత ఆకులలో మొదలైనదా అనేది ఇక్కడ తెలియాలి. నత్రజని లోపం ముదురు ఆకులలోను, ఇనుప ధాతువు లోపం లేత ఆకులలోను ముందుగా కనిపిస్తాయన్నది తెలిసిన సంగతే.

3. భాగం: దెబ్బతిన్న ఆకు, కాండం, కాయ లేక వేరు, పక్కన స్కేలు, తెల్ల కాగితం. ఆకు పైవైపు, అడుగువైపు రెండూ తీయాలి.

4. లక్షణం: మచ్చ, పురుగు, గుడ్ల సముదాయం, బూజు, ఫోకస్ కుదిరేంత దగ్గరగా.

మొక్కజొన్నలో కత్తెర పురుగు ఇందుకు మంచి ఉదాహరణ. ఈ పురుగును మన దేశంలో తొలిసారిగా 2018లో కర్ణాటకలో గుర్తించారు. తల మీద తలకిందులుగా ఉన్న తెల్లని వై ఆకారపు గీత, తోక చివరి నుండి రెండవ ఖండం మీద చదరంగా అమరిన నాలుగు నల్లని చుక్కలు దీని గుర్తులు. నాలుగవ చిత్రం లేకుండా ఈ గుర్తులు కనిపించవు. కాని మొదటి చిత్రం లేకుండా పంటలో ఎంత భాగం దెబ్బతిన్నదో తెలియదు. మందు కొట్టవలసిన అవసరం ఉన్నదా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

మూడు అభ్యాసాలు

మొదటి అభ్యాసం – జగిత్యాల, వరి. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి వెలువడిన జగిత్యాల సన్నాలు వంటి వరి రకాలు ఈ ప్రాంత రైతులకు సుపరిచితం. ఏదైనా ఒక వరి మడిని ఎంచుకుని ఉదయం మంచు ఆరకముందే వెళ్ళాలి. బాక్టీరియా ఎండాకు తెగులు ఉంటే ఆకు కొన నుండి అంచుల వెంబడి అలల వలె పసుపు చార కిందికి దిగుతుంది. దాని మీద పసుపు రంగు జిగురు బిందువులు ఉదయం వేళ కనిపిస్తాయి. ఎండ ముదిరితే అవి గట్టిపడి రాలిపోతాయి. జింక్ లోపమైతే నాటిన రెండు నుండి నాలుగు వారాలలో పై నుండి మూడు, నాలుగు ఆకుల మొదళ్ళలో ఈనె పాలిపోయి, ఆకు మీద తుప్పు రంగు మచ్చలు ఏర్పడతాయి. అగ్గి తెగులు మచ్చ నూలు కండె ఆకారంలో, మధ్య బూడిద రంగుతో, అంచున గోధుమ రంగుతో ఉంటుంది. ఈ మూడింటిలో మీకు కనిపించినదానిని నాలుగు దూరాల నుండి తీయండి. తరువాత దుబ్బులను రెండు చేతులతో విడదీయించి, నీటి మట్టానికి పైన మొదళ్ళను తీయండి. సుడిదోమ ఉండేది అక్కడే. పైనుండి తీసిన పచ్చని మడి చిత్రం దాని ఉనికిని చెప్పలేదు. మొదళ్ళ వద్ద చీకటిగా ఉంటే ఫ్లాష్ వాడవచ్చు. లేక తెల్ల అట్టతో ఎండను లోపలికి మళ్ళించవచ్చు.

రెండవ అభ్యాసం – కోరుట్ల, పసుపు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతం పసుపు సాగుకు పేరుపొందినది. వర్షాలు ఎక్కువై నీరు నిలిచిన మడులలో దుంపకుళ్ళు కనిపిస్తుంది. ఆకుల అంచులు పసుపు రంగుకు తిరిగి ఎండుతాయి. కాండం మొదలు మెత్తబడి, పట్టి లాగితే తేలికగా ఊడివస్తుంది. ఇక్కడ ఆకుల చిత్రం సగం కథనే చెబుతుంది. రైతు అనుమతితో తెగులు సోకిన ఒక మొక్కను, ఆరోగ్యంగా ఉన్న ఒక మొక్కను తవ్వి తీసి, దుంపలను కడిగి, నిలువుగా కోసి, రెండింటినీ ఒకే గోనెసంచి మీద పక్కపక్కన ఉంచి తీయాలి. కుళ్ళిన దుంపలో ఈగ పిల్ల పురుగులు ఉన్నవా అని చూసి, ఉంటే విడిగా దగ్గరి చిత్రం తీయాలి. కుళ్ళు వాసనను, మెత్తదనాన్ని కెమెరా పట్టుకోలేదు. అవి గమనించిన వెంటనే మాటల్లో రాసుకోవాలి. తవ్విన మొక్కను మడిలోనే వదలక తొలగించి నాశనం చేయడం మన బాధ్యత.

మూడవ అభ్యాసం – సిరిసిల్ల, పత్తి. మరమగ్గాల పట్టణంగా సిరిసిల్ల పేరు అందరికీ తెలిసినా, ఆ జిల్లా రైతులు వరితో పాటు పత్తి కూడా పండిస్తారు. పత్తిలో గులాబీ రంగు పురుగు కాయలోపల ఉంటుంది. పైకి కాయ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. విచ్చుకోని గుడ్డిపూలను ముందుగా తీయాలి. ఆపై మడిలో వేరువేరు చోట్ల నుండి 20 పచ్చికాయలను కోసి, తెల్లని గుడ్డ మీద అయిదేసి చొప్పున నాలుగు వరుసలుగా పేర్చి, చీల్చి, పై నుండి ఒకే చిత్రంలో తీయాలి. రెండు లేక అంతకు మించిన కాయలలో బతికిన పురుగులు ఉంటే, అంటే పది శాతం లేక అంతకు మించితే, నివారణ చేపట్టవలసిన స్థాయికి చేరినట్లే. ఇక్కడ ఛాయాచిత్రం లెక్కింపు పత్రంగా మారింది. దానిని ఎవరైనా తిరిగి లెక్కించి సరిచూడవచ్చు. ఇదే పొలంలో ఎర్రబారిన ఆకులుంటే, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం ఎర్రబడినదా, లేక ఆకు అంచులు ముడుచుకుని ఎర్రబడినవా అని తేడా తెలిసేటట్లు తీయండి. మొదటిది మెగ్నీషియం లోపాన్ని, రెండవది పచ్చదోమను సూచిస్తుంది. పచ్చదోమ ఆకు అడుగున ఉంటుంది కనుక అడుగువైపు చిత్రం తప్పనిసరి.

పరిశోధన మడులలో

ప్రయోగ మడులలో చిత్రాల ఉద్దేశం పోలిక. ప్రతి మడి వద్ద ఒక కర్రను పాతి, అక్కడి నుండే, అదే ఎత్తున, అదే దిక్కుకు, అదే వేళలో, పదిహేను రోజులకొకసారి చిత్రం తీయాలి. మడి సంఖ్య, చికిత్స సంఖ్య, పునరావృత్తి, తేదీ రాసిన పలక చట్రంలో చదవడానికి వీలుగా కనిపించాలి. విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో తరచుగా కనిపించే లోపమొకటున్నది. ఉత్తమ ఫలితమిచ్చిన మడి చిత్రాన్ని దగ్గర నుండి, ఉదయపు ఎండలో తీసి, నియంత్రణ మడి చిత్రాన్ని దూరం నుండి, మబ్బులో తీసి పక్కపక్కన ముద్రిస్తారు. తెలియక చేసినా అది తప్పుడు సాక్ష్యమే. గణాంక విశ్లేషణలో మనం పాటించే నిష్పాక్షికత ఛాయాచిత్రంలోనూ ఉండాలి.

భద్రపరచడం, పంపడం

తీసిన రోజునే చిత్రాలకు పేర్లు పెట్టాలి. సంవత్సరం, నెల, తేదీ, గ్రామం, పంట, సమస్య, వరుస సంఖ్య అనే క్రమంలో పేరు పెడితే కంప్యూటరే వాటిని కాలక్రమంలో అమర్చుతుంది. మూల చిత్రాన్ని ఎన్నడూ మార్చకూడదు; కత్తిరింపులు, దిద్దుబాట్లు నకలు మీదనే చేయాలి. మూల చిత్రాలను రెండు వేరువేరు చోట్ల భద్రపరచాలి.

ఫోన్‌లో స్థాన నమోదు ఐచ్ఛికాన్ని తెరచి ఉంచితే అక్షాంశ, రేఖాంశాలు చిత్రంతో పాటు నమోదవుతాయి. అక్షాంశంలో దశాంశ బిందువు తరువాత మూడు అంకెలు సుమారు 111 మీటర్ల వరకు, నాలుగు అంకెలు సుమారు 11 మీటర్ల వరకు స్థానాన్ని చూపుతాయి. ఒక ఎకరం చదరపు మడి భుజం సుమారు 64 మీటర్లు. కనుక మన చిన్న కమతాలలో నాలుగు అంకెలు రాయకపోతే పక్క రైతు పొలాన్ని సూచించే ప్రమాదమున్నది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రం పొడవున సుమారు 1,600 పిక్సెళ్ళకు కుదించుకుపోతుంది. తేదీ, స్థానం వివరాలు కూడా తొలగిపోతాయి. పైన చెప్పిన ఒక మీటరు చట్రంలో 12 నుండి 16 పిక్సెళ్ళ సుడిదోమ అప్పుడు అయిదారు పిక్సెళ్ళకు దిగుతుంది. అదే చిత్రాన్ని ‘డాక్యుమెంట్’ రూపంలో పంపితే మూల పరిమాణంలోనే చేరుతుంది. చిత్రాలతో పాటు రకం, నాటిన తేదీ, వేసిన ఎరువులు, కొట్టిన మందులు, లక్షణం మొదలైన రోజు, గత వారపు వాన అనే ఆరు వివరాలను రాసి పంపాలి.

యాప్‌లు: ప్రయోజనం, పరిమితి

చిత్రాన్ని చూసి తెగులును గుర్తించే యాప్‌లు నేడు అందుబాటులో ఉన్నాయి. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 ఆగస్టులో జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. ఇవి ఉపయోగకరమే. అయితే వీటి పరిమితిని ఒక అధ్యయనం స్పష్టంగా చూపింది. 2016లో మొహంతి, హ్యూస్, సలాతే అనే పరిశోధకులు 14 పంటలకు చెందిన 54,306 ఆకుల చిత్రాలతో కంప్యూటరుకు శిక్షణ ఇచ్చారు. అదే సముదాయంలో పక్కన ఉంచిన చిత్రాల మీద పరీక్షించినప్పుడు 99.35 శాతం సరిగా గుర్తించింది. వేరే పరిస్థితులలో తీసిన చిత్రాల మీద మాత్రం ఆ సామర్థ్యం 31 శాతం పరిసరాలకు పడిపోయింది. శిక్షణకు వాడినవి కోసి తెచ్చిన ఆకులను ఒకే రకమైన నేపథ్యం మీద ఉంచి తీసిన చిత్రాలు. పొలంలో అటువంటి నేపథ్యం ఉండదు.

దీనిని బట్టి యాప్ ఇచ్చిన జవాబును ఒక అనుమానంగా స్వీకరించి, పొలంలో సరిచూసుకోవాలి. మరొక కర్తవ్యం కూడా మన మీదున్నది. మన నేలలో, మన రకాల మీద, మన వెలుతురులో తీసిన, నిపుణులు నిర్ధారించిన చిత్రాల సంపద పెరిగితేనే ఇటువంటి యాప్‌లు మన రైతుకు నమ్మదగినవి అవుతాయి. కోరుట్ల పసుపు మడిలోనో సిరిసిల్ల పత్తి చేనులోనో ఒక విద్యార్థి పద్ధతిగా తీసి, వివరాలతో భద్రపరచిన నాలుగు చిత్రాలు ఆ సంపదలో భాగం కాగలవు.

పాటించవలసిన మర్యాద

పొలంలోకి దిగే ముందు రైతు అనుమతి తీసుకోవాలి. ఎందుకు తీస్తున్నామో చెప్పాలి. మనుషుల ముఖాలు అవసరం లేకపోతే చట్రంలో రానీయకూడదు. ఒక రైతు పంట దెబ్బతిన్న చిత్రాన్ని స్థానం వివరాలతో సహా పదిమందికి పంపితే, ఆయన అప్పు మీద, ధాన్యం ధర మీద, ఊరిలో మాట మీద దాని ప్రభావం పడవచ్చు. తీసిన చిత్రాలను ఆ రైతుకు చూపి, తేలిన విషయాన్ని తిరిగి ఆయనకు చెప్పడం కనీస ధర్మం.

ముగింపు

ప్రారంభకులు ఖరీదైన కెమెరా కోసం ఎదురుచూడనవసరం లేదు. చేతిలో ఉన్న ఫోన్, ఒక స్కేలు, ఒక తెల్ల కాగితం, ఒక చిన్న పుస్తకం, ఒక పెన్సిల్ చాలు. కెమెరా తెరచే ముందు ‘ఈ చిత్రం ఏ ప్రశ్నకు జవాబివ్వాలి?’ అని తమను తాము ప్రశ్నించుకోవాలి. ప్రశ్న స్పష్టంగా ఉంటే ఎంత దూరం నిలబడాలో, ఏ వేళకు వెళ్ళాలో, ఆకు ఏ వైపు తిప్పాలో దానంతట అదే తెలుస్తుంది. వచ్చే పంట కాలంలో ఒక్క మడిని ఎంచుకుని, నాటిన నాటి నుండి కోత వరకు పదిహేను రోజులకొకసారి నాలుగు దూరాల చిత్రాలను వివరాలతో నమోదు చేయవలసినదిగా విద్యార్థులకు, విస్తరణ సిబ్బందికి సూచించడమైనది. కోతలు ముగిసేసరికి ఆ మడికి సంబంధించి ఎవరు అడిగినా చూపగల ఒక సాక్ష్యం వారి చేతిలో ఉంటుంది.